ఇంటి బెంగ వేరు, ఊరి బెంగ వేరు

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. మా కాలేజీలో ప్రతి ఏడూ ఆ రోజుకి వ్యాసరచన పోటీ పెడతారు. తెలుగు లెక్చరర్ని కాబట్టి కాగితాలు దిద్దే పని నాది. ఈసారి అంశం "పరాయి దేశంలో సైనికుడి ఒక రోజు". 43 కాగితాలొచ్చాయి. 42 కాగితాల్లో సైనికుడు ఒక్కడే. పొద్దున్నే లేస్తాడు, తుపాకి తుడుస్తాడు, రాత్రి చందమామని చూసి ఊరు తలుచుకుంటాడు. ఊరి చెరువు, రావిచెట్టు కింద రచ్చబండ, గుడిలో గంట, అమ్మ చేతి ఆవకాయ. కళ్లు తుడుచుకుని మళ్లీ కాపలా కాస్తాడు.

పిల్లల్ని తప్పు పట్టను. మనం చూపించిన సినిమాలు, చదివించిన పాఠాలు అవే.

43వ కాగితం అర పేజీ. రాసిన అమ్మాయి మా పల్లె పిల్లే. వాళ్లన్న ఆర్మీలో జవాను. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో దక్షిణ సూడాన్ వెళ్లాడు. ఆ అమ్మాయి రాసింది ఇంతే: "మా అన్న ఫోన్ చేస్తే అమ్మ మోకాలి నొప్పి గురించి అడుగుతాడు. గేదె ఈనిందా అని అడుగుతాడు. నా ఫీజు కట్టారా అని అడుగుతాడు. ఊరి గురించి ఎప్పుడూ అడగడు."

ఆ చివరి వాక్యం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఈ వారం ఈ పోస్టు ఆ వాక్యం కోసమే.

మిత్రులారా, తెలుగులో "ఊరు" అనే మాటని మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. మా ప్రకాశం జిల్లాలో ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే వాళ్లది. పల్లె అంటే మాది, ఊరికి అవతల, కాలవ దాటాక. ఊరి చెరువు మా చెరువు కాదు. రచ్చబండ మీద మా తాతలు కూర్చోలేదు. గుడి గంట దూరం నుంచి విన్నాం. మరి మా పిల్లవాడు సైన్యంలో చేరి వేల మైళ్ల అవతల ఉన్నప్పుడు దేన్ని తలుచుకోవాలి? ఇంటిని తలుచుకుంటాడు. పల్లెని తలుచుకుంటాడు. ఊరి మీద బెంగ పెట్టుకోవాల్సిన బాకీ అతనికి లేదు. నిజం చెప్పాలంటే, ఊరికి దూరంగా ఉండటమే అతనికి దొరికిన మొదటి సెలవు.

అయితే ఒక చిక్కుంది. ఊరు కూడా ఓడెక్కుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు, 1914 సెప్టెంబర్ చివర్లో ఇండియా సైన్యం ఫ్రాన్స్‌లో మార్సెయి రేవులో దిగింది. పల్చటి ఖాకీ గుడ్డలతో వచ్చినవాళ్లు ఆ చలికాలం బురద కందకాల్లో గడిపారు. ఆ సైన్యంతో పాటు ఇంకో సైన్యం కూడా దిగింది. దాన్ని "ఫాలోయర్లు" అనేవారు. తోలుతిత్తుల్లో నీళ్లు మోసే భిస్తీలు, వంటవాళ్లు, బట్టలుతికే ధోబీలు, జోళ్లూ జీనులూ కుట్టే మోచీలు, గాయపడినవాళ్లని డోలీల్లో మోసే కహార్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, మరుగుదొడ్లు ఎత్తే స్వీపర్లు. యుద్ధం అయ్యేసరికి ఇండియాలో చేర్చుకున్న సుమారు 14 లక్షల మందిలో 5 లక్షల 60 వేలకు పైగా ఇలాంటి పనులకి తీసుకున్నవాళ్లే. 1914లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఫాలోయరుకి అంతకన్నా తక్కువ. తుపాకి గుండు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ పనుల జాబితా ఇంకోసారి చదవండి. ఇది యుద్ధరంగమా, మన ఊరి పటమా? ఎవరు ఏ పని చేయాలో ఊళ్లో ఎలా రాసిపెట్టి ఉందో, ఫ్రాన్స్‌లోనూ అలాగే రాసిపెట్టారు.

గాయపడిన ఇండియా సిపాయిల కోసం ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఒక రాజభవనాన్నే ఆసుపత్రి చేశారు. రాయల్ పెవిలియన్. అక్కడ కులాలకీ మతాలకీ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకి ఒక నీళ్ల కుళాయి, ముస్లింలకి ఇంకో కుళాయి. రాజుగారు సిపాయిల ఆచారాలని ఎంత గౌరవిస్తున్నారో చూడండని దీని గురించి గొప్పగా ప్రచారం చేసుకున్నారు. ఆ భవనంలో పాకీ పని మాత్రం ఇండియా నుంచి తెచ్చిన అంటరాని మనుషుల చేత చేయించారు. గౌరవించింది ఎవరి ఆచారాన్ని?

బ్రైటన్‌కి పడమరగా బ్రాకెన్‌హర్స్ట్ అనే ఊరుంది. అక్కడ కూడా ఇండియా సిపాయిలకి లేడీ హార్డింజ్ పేరుతో ఆసుపత్రి పెట్టారు. అందులో స్వీపర్‌గా పనిచేసినవాడు సుఖా. బరేలీ నుంచి వెళ్లాడు. 1915 జనవరి 12న, ముప్పై ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పుడేమైందో ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దహనం చేయడానికి హిందువులు ఒప్పుకోలేదు, అంటరానివాడని. వోకింగ్‌లో ముస్లిం సిపాయిల కోసం ఉన్న శ్మశానానికి అడిగితే, మా మతం వాడు కాదన్నారు. ఆఖరికి ఆ ఊరి చర్చి ఫాదరు, ఈ మనిషి మన కోసం వచ్చి చచ్చిపోయాడని చెప్పి తన చర్చి ఆవరణలో పూడ్పించాడు. ఊరి జనం రాయి నిలబెట్టారు. సుఖా క్రైస్తవుడు కాడని, అయినా ఇతరుల కోసం ప్రాణమిచ్చాడని ఆ రాయి మీదే రాయించారు.

ఈ కథ చెప్పి తెల్లదొరలకి దండం పెట్టమనడం నా ఉద్దేశం కాదు. ఆ సర్కారే 1890ల్లో, మీరు యుద్ధానికి పనికిరాని జాతి అని మహర్లని సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ అదే సైన్యంలో సుబేదారుగా చేసినవాడు. 1917లో మనుషులు చాలక 111వ మహర్ దళాన్ని పెట్టింది, అవసరం తీరాక 1921లో రద్దు చేసింది. మళ్లీ యుద్ధం వచ్చాక 1941లో మహర్ రెజిమెంట్ పెట్టింది. మనం అవసరానికి చీపురు లాంటివాళ్లం. పని అయ్యాక తలుపు వెనక్కి.

రెండో ప్రపంచ యుద్ధంలో పంజాబు తర్వాత ఎక్కువమందిని ఇచ్చింది మన మద్రాసు ప్రెసిడెన్సీయే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి "మిలిటరీ మాధవరం" అని పేరు. అలా పేరు రాని పల్లెలూ ఉన్నాయి. అందులో ఒకటి మాది.

మా తాత 1943లో పయొనీర్ కంపెనీలో చేరాడు. పయొనీర్ అంటే గొప్పగా వినిపిస్తుంది గానీ పలుగూ పారా పని. ఆయన్ని బస్రా పంపారు. ఓడల్లోంచి సరుకు దించడం, రోడ్డు వేయడం, గుంటలు తవ్వడం. పొద్దున చీకటితో లేవడం, ఎండ ముదిరేలోపు సగం పని, మళ్లీ సాయంత్రం సగం. ఇసుక గాలి వస్తే అన్నంలో ఇసుక. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, తెలుగు క్రైస్తవులు నలుగురు చేరి పాటలు పాడుకోవడం. చుట్టూ ఖర్జూరపు తోటలు. తాత మాటల్లో, "ఈతచెట్లే అనుకున్నా, కల్లు ఎవురూ గీయరేందా అని చూశా."

యుద్ధం గురించి ఆయన మాకు చెప్పింది తక్కువ. పదే పదే చెప్పింది ఒక గ్లాసు గురించి. బస్రా బజారులో టీ కొట్టు. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు. కొట్టువాడు అరబ్బు. ముందు ఒక దొరకి పోశాడు. దొర తాగి పెట్టిన గ్లాసు నీళ్లలో ముంచి తీసి, అందులోనే తాతకి పోశాడు. తాత తాగి పెట్టాక అదే గ్లాసులో ఇంకో అరబ్బు పెద్దమనిషికి పోశాడు. "ఆయన తాగాడమ్మా. నేను అట్టా నిలబడి చూశా. ఆయనకేం కాలా." ఇరవై మూడేళ్ల మనిషి, ఊళ్లో కొబ్బరిచిప్పలో పోయించుకున్న మనిషి, ఇంకొకరు తాను తాగిన గ్లాసుతో తాగితే ఏమీ కాదని మొదటిసారి కళ్లతో చూశాడు. నేను పీహెచ్‌డీ కోసం చదివిన పుస్తకాలన్నీ కలిపినా ఆ వాక్యం అంత తేటగా కులం గురించి నాకు చెప్పలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ టీ పోసినవాడి దేశంలో దిగిన సైన్యంలో మా తాత ఒకడు. ఆ అరబ్బు దృష్టిలో తాత కూడా పరాయి పటాలం మనిషే. ఒకడికి విడుదల అనిపించిన చోట ఇంకొకడు సంకెళ్లలో ఉన్నాడు. ఈ సంగతి దాచి తాత కథని వీరగాథ చేయడం నాకిష్టం లేదు.

ఇక ఇటు పల్లెలో నాయనమ్మ. పదిహేడేళ్లది. ఒళ్లో పసిపిల్ల, మా పెద్ద మేనత్త. తాత ఓడెక్కేటప్పటికి ఆ పిల్ల కడుపులో ఉంది.

తాతకి రాయడం రాదు. చెబితే కంపెనీలో చదువొచ్చినవాడు రాసేవాడు. ఆ ఉత్తరాన్ని సెన్సారు చూసేది. ఊరికి వచ్చాక నాయనమ్మకి చదవడం రాదు కాబట్టి కరణం చదివేవాడు. కరణం అరుగు మీద, నాయనమ్మ కింద వీధిలో ఎండలో. మొగుడికీ పెళ్లానికీ మధ్య ముగ్గురు మగవాళ్లు. ఆ ముగ్గురూ వింటుండగా ఏ మొగుడు ఏం చెప్పగలడు? "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీ క్షేమం కోరుచున్నాను." అంతే.

ఒకసారి కరణం గట్టిగా చదివాడట: "ఏమే, నీ మొగుడు మనియార్డరు పెంచాడంటనే!" అరుగు మీద ఆసామి కూడా కూర్చుని ఉన్నాడు. పొద్దుగూకే లోపల ఆసామి మనిషి మా గుడిసె ముందు నిలబడ్డాడు, పాత బాకీ అని. ఈ సంగతి తాతకి రాయాలంటే మళ్లీ కరణం దగ్గరికే పోవాలి. కరణం చేత ఆసామి మీద ఫిర్యాదు ఎలా రాయిస్తుంది? "అందరం క్షేమం" అని రాయించింది. బస్రాలో తాత ఆ మాట విని నిజమనుకున్నాడు.

మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి సిపాయిలు రాసిన ఉత్తరాలని సెన్సారు ఆఫీసు తెరిచి, ముఖ్యమైనవి ఇంగ్లీషులోకి తిప్పి రాసుకుంది. అందువల్లే వాటిలో కొన్ని ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, పరిశోధకులు చదువుతున్నారు. సెన్సారు కళ్లు కప్పడానికి సిపాయిలు ఇండియావాళ్లని నల్ల మిరియాలనీ తెల్లవాళ్లని ఎర్ర మిరపకాయలనీ రాసేవారు. తెలివైనవాళ్లు. కానీ అవి రాసుకోగలిగిన, రాయించుకోగలిగిన సిపాయిల మాటలు. మరుగుదొడ్డి ఎత్తిన సుఖా తన పెళ్లానికి ఏం చెప్పాలనుకున్నాడో అందులో వెతికితే దొరకదు.

నాయనమ్మ దారి వేరు. మాది మాదిగ పల్లె. 1878లో వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం. ఒంగోలు మిషను తరఫున పల్లెల్లో తిరిగే బైబిలు స్త్రీ ఒకామె వచ్చేది. నాయనమ్మ ఆమెని పట్టుకుంది. కూలికి పోయొచ్చి, బిడ్డని పడుకోబెట్టి, కిరసనాయిలు బుడ్డి దగ్గర అక్షరాలు దిద్దింది. ఎనిమిది నెలలు. అందరూ దేవుడి వాక్యం కోసం అనుకున్నారు. "దేవుడు నన్ను చమిస్తాడులేయే, నేను నేర్చుకుంది మీ తాత వాక్యం కోసం" అనేది నాతో.

ఆ తర్వాత ఉత్తరం కరణం అరుగు ఎక్కలేదు. అందుకు కరణం కోప్పడ్డాడని, "మాదిగదానికి చదువొచ్చిందంట" అని ఊళ్లో చెప్పుకున్నారని మా మేనత్త చెప్పేది.

1946లో తాత తిరిగొచ్చాడు. మూడేళ్ల కూతురు ఆయన్ని చూసి ఏడ్చింది, ఎవరో అనుకుని. వచ్చిన వారానికి పటాలం బూట్లతోనే ఊళ్లో కాఫీ హోటలుకి పోయాడు. కొబ్బరిచిప్ప చూపించారు. తాత దాన్ని ముట్టుకోలేదు, గొడవా పడలేదు, తిరిగొచ్చాడు. చనిపోయేదాకా ఆ ఊళ్లో టీ తాగలేదు. గ్లాసులిచ్చే రోజులొచ్చాక కూడా తాగలేదు. "బస్రాలో తాగా, చాల్లే" అనేవాడు.

బస్రాలో బ్రిటిష్ వాళ్లు మొదటి యుద్ధంలో చచ్చిపోయినవాళ్లకి కట్టిన పెద్ద స్మారకం ఉంది. 40 వేలకు పైగా మనుషుల కోసం. దాని మీద ఇండియా పటాలాల అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకి పేర్లు లేవు, ఫలానా పటాలం ఇంతమంది అని లెక్క వేశారు. ఈ సమాధులూ స్మారకాలూ చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, ఆసియా ఆఫ్రికా సైనికులని సమానంగా చూడలేదని 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్లు పట్టినా ఒప్పుకుంది. మన ఊళ్లు ఎప్పుడు ఒప్పుకుంటాయి?

ఇది పాత కాలం సంగతి కదా అనేవాళ్ల కోసం. 2016 జూన్‌లో కశ్మీర్‌లోని పాంపోర్‌లో సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అందులో ఒకరిది ఉత్తరప్రదేశ్‌లో ఫిరోజాబాద్ జిల్లా. ఊరి ఉమ్మడి భూమిలో అంత్యక్రియలకి చోటు ఇవ్వడానికి అగ్రకులాలవాళ్లు అడ్డుపడ్డారని, అధికారులు వచ్చి నచ్చజెప్పాల్సి వచ్చిందని పత్రికల్లో వచ్చింది. కారణం అతని కులం. 1915లో సుఖా శవానికి దొరకని చోటు, 2016లో కూడా అడుక్కోవాల్సి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో గుజరాత్ బనస్కాంఠాలో దళిత జవాను పెళ్లికి గుర్రమెక్కితే ఊరేగింపు మీద రాళ్లేశారు. సరిహద్దులో తుపాకి పట్టుకోవచ్చు. ఊరి వీధిలో గుర్రం ఎక్కకూడదు.

కాగితం రాసిన అమ్మాయి నంబరిస్తే, వాళ్లన్నకి నేనే ఫోన్ చేశాను. మనకి రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఆరు. మలకాల్ అనే చోట ఉంటాడు, నైలు నది ఒడ్డున. రేకుల గదిలో నివాసం. పొద్దున పరుగు, తర్వాత కాపలా డ్యూటీ, లేకపోతే సరుకు లారీల వెంట పోవడం. వానాకాలం మోకాలి లోతు నల్ల బురద. దోమలు. సాయంత్రం సిగ్నల్ దొరికే మూల కోసం అందరూ ఫోన్లు పట్టుకుని తిరుగుతారట. అందరికీ ఒకే లంగరు, ఒకే పప్పు, ఒకే రొట్టె.

"ఊరు గుర్తు రాదా?" అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మేడమ్, ఇక్కడ నన్ను 'ఇండియా' అని పిలుస్తారు. చిన్నపిల్లలు కూడా. ఏ వీధి అని ఎవరూ అడగరు. కొత్తగా తెలుగువాడు ఎవరన్నా కలిస్తే మాత్రం మొదట ఇంటిపేరు అడుగుతాడు. అప్పుడు గుర్తొస్తుంది ఊరు."

మిత్రులారా, నేను అడిగేది చిన్నది. పతాక దినోత్సవం చేయండి. డబ్బాలో పది రూపాయలు వేయండి. వ్యాసాలు రాయించండి. కానీ మీ మండలంలో దళితవాడ నుంచి సైన్యంలోకి పోయిన మనిషి ఇల్లు ఎక్కడుందో ఒకసారి పోయి చూడండి. అక్కడికి రోడ్డుందా? ఆ వాడకి శ్మశానం ఉందా? మన రెండు రాష్ట్రాల్లోనూ శవాన్ని కాలవ గట్టున, ఎవరి పొలం గట్టునో పూడ్చుకుంటున్న వాడలు ఎన్నో ఉన్నాయి. జాతీయ జెండా కప్పిన పెట్టె వస్తే దింపడానికి ఆరడుగుల నేల ముందే ఉండాలి. అప్పటికప్పుడు తహసీల్దారు వచ్చి బతిమాలే పని ఉండకూడదు. అర్జీ రాయాలంటే చెప్పండి, నేను రాసిస్తా. తాత కాలంలో రాసేవాళ్లు లేరు. ఇప్పుడు ఉన్నాం.

చివరిగా ఉత్తరాల సంగతి. బస్రా నుంచి తాత పంపినవి నాయనమ్మ ఒక రేకు పెట్టెలో దాచుకుంది. నేను ఎం.ఏ. చదివేటప్పుడు అడిగా, పరిశోధనకి పనికొస్తాయి, మన చరిత్రకి సాక్ష్యం అని బతిమాలా. "నా కోసం రాసినయ్యి నీకెందుకే" అంది. నేను పోయాక నా పెట్టెలో పెట్టండి అని మేనత్త చేత ఒట్టేయించుకుంది. అలాగే పెట్టాం. పరిశోధకురాలిగా ఇప్పటికీ బాధే. కానీ ఒకప్పుడు కరణం అరుగు కింద ఎండలో నిలబడి తన మొగుడి మాట పరాయి నోట విన్న మనిషి ఆమె. ఇంకొకరి కళ్లు పడకుండా ఆ ఉత్తరాలని తనతో తీసుకుపోయింది. అది ఆమె హక్కు.

ఆ అమ్మాయి కాగితం అర పేజీయే. నిబంధన ప్రకారం మూడు పేజీలుండాలి. మొదటి బహుమతి ఆమెకే రాశాను. ఎందుకని ఎవరన్నా అడిగితే ఈ పోస్టు చూపిస్తాను.

జై భీమ్.